ద్విభాషా విద్యోద్యమమూ చికానో సాహిత్యమూ

టెక్సస్ రాష్ట్రపు దక్షిణ భాగంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గరగా, క్రిస్టల్ సిటీ అనే చిన్న పట్టణం ఉన్నది. పాలకూర పంటకు పేరుపడిన ఊరు. ఎంత పేరంటే, పాలకూర తిని బలం తెచ్చుకునే బొమ్మల కథల వీరుడు పొపాయ్‌కు 1937లోనే అక్కడ విగ్రహం నిలిపినారు. ఆ పాలకూర కోసేవారూ, దానిని డబ్బాలలో నింపేవారూ మెక్సికన్ సంతతి కూలీలు. నగరసభ, పాఠశాలల పాలకవర్గం మాత్రం చాలాకాలం ఇంగ్లీషు మాట్లాడే తెల్లవారి చేతిలో ఉండినవి. 1969 డిసెంబరులో ఈ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులు తరగతులు విడిచి బయటికి నడిచినారు. తక్షణ కారణం చిన్నదిగా కనబడుతుంది. ఆటల పోటీలలో జట్టును ఉత్సాహపరచే బాలికల బృందంలో మెక్సికన్ పిల్లకు ఒక్క స్థానమే ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. బడిలో మెక్సికన్ పిల్లలే ఎక్కువ. ఆ చిన్న కారణం వెనుక పెద్ద కోరికల పట్టిక ఉన్నది. బడి ఆవరణలో స్పానిషు మాట్లాడే స్వేచ్ఛ, తమ జాతి ఉపాధ్యాయులు, రెండు భాషలలో బోధన. 1970 ఏప్రిల్ ఎన్నికలలో హోసే ఆంహెల్ గుతియెర్రెస్ నాయకత్వంలోని లా రాసా ఉనీదా పక్షం పాలకవర్గాన్ని గెలుచుకున్నది. ఆ తరువాత ద్విభాషా బోధన ఆ బడులలో ప్రవేశించినది.

తొమాస్ రివేరా 1935లో పుట్టిన ఊరు ఇదే. 1970లోనే బర్కిలీలోని క్వింతో సోల్ అనే ప్రచురణ సంస్థ తన తొలి సాహిత్య బహుమతిని, వెయ్యి డాలర్లను, ఆయనకు ఇచ్చినది. స్పానిషులో ఆయన వ్రాసిన '...ఈ నో సే లో త్రాగో లా త్యెర్రా', అనగా '...మరి భూమి వాణ్ణి మింగలేదు', ఎదురెదురుగా స్పానిషు మూలమూ ఇంగ్లీషు అనువాదమూ గల గ్రంథంగా 1971లో వెలువడినది.

ఉద్యమం వేరు, సాహిత్యం దాని పువ్వు అని చెప్పడం సాహిత్య చరిత్రలకు సులభం. చికానో సాహిత్యం విషయంలో ఆ మాట సగమే నిజం. (చికానో అన్నది ఒకప్పుడు చులకనగా వాడిన మాట, 1960ల యువతరం దానిని సగర్వంగా తన పేరు చేసుకున్నది.) బడిలో స్పానిషుకు చోటు కావాలని ఉద్యమం అడిగినది. ఆ చోటు ఎందుకు, ఎంతకాలం అనే ప్రశ్న వచ్చేసరికి ఉద్యమకారులు, శాసనకర్తలు, న్యాయస్థానాలు తలొక దారి పట్టినారు. ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నవారు రచయితలు. చట్టం దృష్టిలో మాతృభాష దాటిపోవలసిన వంతెన. ఈ గ్రంథాలలో అది కాపురముండే ఇల్లు. ఈ భేదం గుర్తించని యెడల రివేరా కథలూ, ఆయనతో విభేదించిన రిచర్డ్ రోడ్రీగెజ్ ఆత్మకథా సరిగా అర్థం కావు.

పూర్వరంగం క్లుప్తంగా చెప్పవచ్చు. 1848లో గ్వాదలూపే ఇదాల్గో సంధితో మెక్సికో తన ఉత్తర భూభాగాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వదులుకున్నది. అక్కడే నిలిచినవారికి పౌరసత్వమూ ఆస్తిహక్కూ ఆ సంధి హామీ ఇచ్చినది. భాషను గురించి హామీ లేదు. టెక్సస్ 1918లో బడులలో ఇంగ్లీషు తప్ప మరొక భాషలో బోధించడం నేరమని శాసించినది. ఆటస్థలంలో స్పానిషు మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడేవి. పైగా, ఈ పిల్లలకు ఇంగ్లీషు రాదనే సాకుతోనే వారికి వేరు బడులు పెట్టినారు. కాలిఫోర్నియాలోని లెమన్ గ్రోవ్‌లో తల్లిదండ్రులు 1931లో ఆ వేరుబడికి పిల్లలను పంపక, న్యాయస్థానానికి వెళ్ళి గెలిచినారు. ఆరెంజ్ కౌంటీకి చెందిన మెండెస్ కుటుంబమూ మరికొందరూ తెచ్చిన వ్యాజ్యం 1947లో అప్పీలు న్యాయస్థానంలో నెగ్గినది. నల్లజాతి పిల్లల వేర్పాటును కొట్టివేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పుకు అది ఏడేండ్లు ముందు.

భాషను సాకు చేసుకొని వేరుచేసినవారితో పోరాడిన పాత తరం, భాషను అడగడానికి జంకినదంటే ఆశ్చర్యం లేదు. 1929లో కార్పస్ క్రిస్టీలో స్థాపితమైన లూలాక్ అనే సంఘం తన అధికార భాషగా ఇంగ్లీషునే స్వీకరించినది. దానిని పిరికితనమనడం తొందరపాటు. స్పానిషు అని నోరెత్తితే మళ్ళీ వేరుబడికే తోస్తారని వారికి అనుభవం నేర్పినది. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వేలాది విద్యార్థులు బడులు బహిష్కరించి ద్విభాషా బోధన కావాలని అడిగినప్పుడు, కొడుకులు తండ్రుల భయాన్ని దాటినారు. లింకన్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు సాల్ కాస్ట్రోతో కలిపి 13 మందిపై కుట్రకేసు పెట్టినారు. 1970లో న్యాయస్థానం దానిని కొట్టివేసినది.

విచిత్రమేమంటే, ఆ బహిష్కారానికి రెండు నెలల ముందే, 1968 జనవరి 2న, అధ్యక్షుడు జాన్సన్ ద్విభాషా విద్యా శాసనంపై సంతకం చేసినాడు. టెక్సస్ సెనేటరు రాల్ఫ్ యార్‌బరో దానికి కర్త. జాన్సన్ 1928లో క్రిస్టల్ సిటీకి దూరం కాని కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ పిల్లలకు చదువు చెప్పినవాడు. ఉద్దేశం మంచిదే. కాని శాసనపు భాషను సాహిత్య విమర్శకుని కంటితో చదవవలసి ఉంది. అందులో ఈ పిల్లల పేరు 'పరిమితమైన ఇంగ్లీషు సామర్థ్యం గలవారు'. బిడ్డకు ఉన్న భాషను బట్టి కాక, లేని భాషను బట్టి పేరు పెట్టినారు. లేనిది వచ్చిన నాడు శాసనానికీ ఆ బిడ్డకూ సంబంధం తెగిపోతుంది. 1974లో సుప్రీం కోర్టు, సాన్ ఫ్రాన్సిస్కోలోని చైనీయ పిల్లల వ్యాజ్యంలో, అందరికీ అవే పుస్తకాలూ అదే ఉపాధ్యాయుడూ ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదన్నది. ఏ పద్ధతి పాటించాలో మాత్రం చెప్పలేదు. అదే సంవత్సరం న్యూయార్క్‌లో, ఆంతోనియా పాంతోహా 1961లో నెలకొల్పిన ఆస్పీరా సంస్థ నగర విద్యాశాఖతో న్యాయస్థానం ద్వారా ఒడంబడిక సాధించి ప్యూర్టో రికో పిల్లలకు స్పానిషు బోధన తెచ్చినది. ఇవన్నీ పెద్ద విజయాలే. అయినా ప్రతి చోటా లెక్క లోపంతోనే మొదలైనది.

రివేరా గ్రంథంలో లోపమనే మాటకు చోటు లేదు. పన్నెండు కథలు, వాటి నడుమ చిన్న చిన్న ఖండికలు, మొదట 'పోయిన సంవత్సరం', చివర 'ఇంటి కింద'. పేరు లేని ఒక బాలుడు తాను పోగొట్టుకున్న ఏడాదిని వెదుక్కుంటాడు. టెక్సస్ నుంచి ఉత్తరాది బీటుపొలాలకు లారీలలో నిలబడి ప్రయాణించే కూలీలు, దాహం తాళలేక తొట్టి దగ్గరికి వెళ్ళి యజమాని తుపాకికి బలియైన పిల్లవాడు, లారీ చెడి తెల్లవారే వరకు నిలిచిపోయిన జనం మనసులో ఎవరికివారు 'చేరుకున్నాక' అని కట్టుకునే కోరికలు: ఇవన్నీ ఆ వెదుకులాటలో దొరికిన ముక్కలు. వాక్యాలు పొట్టివి. వర్ణన దాదాపు లేదు. ఎవరు మాట్లాడుతున్నారో తరచు చెప్పడు. గొంతును బట్టి పాఠకుడే పోల్చుకోవాలి.

బడిని గురించిన కథ పేరుకు 'నొప్పిగా ఉంటుంది' అని అర్థం. ఉత్తరాది బడిలో కొత్తగా చేరిన బాలుణ్ణి మొదట పేల కొరకు పరీక్షిస్తారు, బట్టలు విప్పిస్తారు. తరువాత ఒకడు కొడతాడు, వీడు తిరిగి కొడతాడు, వీణ్ణే బడి నుంచి వెళ్ళగొడతారు. ఇంటికి నడుస్తూ, నిజంగా వెళ్ళగొట్టినారా, లేదేమో, అని తనలో తాను మళ్ళీ మళ్ళీ అనుకుంటాడు. కొడుకు టెలిఫోను ఆపరేటరు కావాలని తండ్రి ఆశ. ఆ మాట గుర్తుకు వచ్చినప్పుడల్లా నడక మందగిస్తుంది. కథ ఇంతే. గమనింపదగినది మరొకటి. ఆ బడిలో జరిగినదంతా ఇంగ్లీషులో జరిగినది. అవమానం ఇంగ్లీషులో వచ్చినది. కథ మాత్రం స్పానిషులో ఉన్నది. బడిని బాలుడు ఇంటి భాషలోకి మోసుకొని వచ్చినాడు. అక్కడ దానిని తిప్పి చూచి, నొప్పి ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపగలిగినాడు. మాతృభాష బడిలో ఎందుకు అనే ప్రశ్నకు ఏ విద్యాశాస్త్ర గ్రంథమూ ఇంత సూటిగా జవాబు చెప్పలేదనవచ్చు. జరిగినది తనకు తాను చెప్పుకోగలిగే భాష బిడ్డకు కావాలి.

గ్రంథానికి పేరిచ్చిన కథలో తండ్రికీ చిన్న తమ్ముడికీ పొలంలో వడదెబ్బ తగులుతుంది. బాలుడు దేవుణ్ణి తిడతాడు. తిట్టిన మరుక్షణం భూమి చీలి తనను మింగుతుందని ఎదురుచూస్తాడు. చీలదు. పాదాల కింద నేల గట్టిగానే ఉంటుంది. తెలుగు పాఠకుడికి ఇక్కడ సీత జ్ఞాపకం రాక మానదు. ఆమెకు భూమి తెరచుకోవడం శరణ్యమైతే, ఈ కూలివాని కొడుకుకు తెరచుకోకపోవడమే ధైర్యం. ఈ రెండు భూములను పక్కన పెట్టి పోల్చే వ్యాసం తెలుగులో వస్తే బాగుంటుంది.

ఈ ఉద్యమ సాహిత్యమంతా రివేరా స్థాయిలో లేదు. 1965లో డెలానో ద్రాక్షతోటల సమ్మెలో, సేసర్ చావెజ్ సంఘానికి తోడుగా, లూయిస్ వాల్దెస్ నెలకొల్పిన తెయాత్రో కాంపెసీనో చిన్న నాటికలు ఇంగ్లీషునూ స్పానిషునూ కలిపి ఆడినది. బడిపై 1969లో వచ్చిన నాటిక నవ్వించి కోపం తెప్పిస్తుంది. చదవడానికి కూర్చుంటే పలుచన అనిపిస్తుంది. దాని చోటు లారీ వెనుక వేదిక, అచ్చుపుట కాదు. రొడాల్ఫో గొన్సాలెస్ 1967 నాటి దీర్ఘకవిత 'నేను హోకీన్' చరిత్రంతటినీ ఒక గొంతులోకి ఎక్కించబోయి కొన్నిచోట్ల నినాదమైనది. అయితే సభలో వేలమంది విన్న కవితను ఏకాంతంలో చదివి కొలవడం న్యాయమా అనే ప్రశ్న ఉండనే ఉంటుంది.

ద్విభాషా విద్యకు ప్రతిపక్షంగా వచ్చిన ఉత్తమ గ్రంథం మెక్సికన్ తల్లిదండ్రుల బిడ్డడే వ్రాసినాడు. రిచర్డ్ రోడ్రీగెజ్ 'హంగర్ ఆఫ్ మెమొరీ' 1982లో వచ్చినది. శాక్రమెంటోలో పెరిగిన పిల్లవాడు. బడిలో నోరు విప్పడు. సన్యాసినులైన ఉపాధ్యాయినులు ఇంటికి వచ్చి, పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడమని తల్లిదండ్రులను కోరుతారు. వారు ఒప్పుకుంటారు. పిల్లవాడు ఇంగ్లీషులో రాణిస్తాడు. ఇంట్లో నిశ్శబ్దం పెరుగుతుంది. ఇల్లు ఆంతరంగికం, బడి బహిరంగం. బహిరంగ జీవితంలోకి రావాలంటే ఇంటి భాషను వదులుకోక తప్పదు. ద్విభాషా బోధన కోరేవారు ఈ మూల్యం చెల్లించడానికి ఇష్టపడనివారు. ఇదీ రోడ్రీగెజ్ వాదం. ఉద్యమకారులు ఆయనను ద్రోహి అన్నారు. అది విమర్శ కాదు. వచనం నిర్దుష్టం. తల్లిదండ్రుల స్పానిషు ధ్వనులను గురించి ఆయన వ్రాసిన పుటలంత ఆర్ద్రమైనవి ద్విభాషా విద్య పక్షాన వ్రాసినవారిలో కూడ అరుదు.

లోపం వాదంలో ఉన్నది. రోడ్రీగెజ్ తన్ను తాను గుర్తుపట్టుకున్నది 1957లో రిచర్డ్ హాగర్ట్ వ్రాసిన 'ది యూసెస్ ఆఫ్ లిటరసీ'లో వర్ణించిన 'స్కాలర్‌షిప్ బాలుని'లో. హాగర్ట్ బాలుడు ఇంగ్లండులోని శ్రామిక కుటుంబంవాడు. అతని ఇంట్లో ఇంగ్లీషే, బడిలో ఇంగ్లీషే. అయినా అతడూ ఇంటికి పరాయివాడైనాడు. అంటే పోయినది భాష వల్ల పోయినది కాదు. తరగతి మారడం వల్ల పోయినది. రోడ్రీగెజ్ తెచ్చుకున్న సాక్షి ఆయనకే ఎదురుతిరిగినాడు. ఇంకొకటి: స్పానిషు స్వభావరీత్యా ఆంతరంగిక భాష కాదు. సరిహద్దుకు అవతల శాసనసభ, న్యాయస్థానం, విశ్వవిద్యాలయం నడిచేది ఆ భాషలోనే. ఆ బాలునికి స్పానిషు పుస్తకాలు ఎవరూ ఇవ్వలేదు గనుక అది వంటింటి భాషగా మిగిలినది. లేమిని నియమంగా చెప్పడం ఆ గ్రంథపు మూలదోషం.

రివేరా 1984లో ఈ గ్రంథంపై వ్యాసం ప్రకటించినాడు. స్పానిషులో 'ఉండు' అనే అర్థానికి రెండు క్రియలు ఉన్నవి: స్వరూపాన్ని చెప్పేది 'సేర్', స్థితిని చెప్పేది 'ఎస్తార్'. ఆ భేదం ఆధారంగా, రోడ్రీగెజ్ తన స్వరూపాన్ని ఇంట్లో విడిచి స్థితిని మాత్రమే బయట వెదుకుతున్నాడన్న దిశలో ఆయన వాదించినాడు. వ్యాసంలో కోపం తక్కువ, విచారం ఎక్కువ. చేలల్లో పనిచేసిన కూలివాని కొడుకై, 1979లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖకు ఛాన్సలరైన మనిషి ఆ మాట అనడంలోనే బలం ఉన్నది. ఇల్లు వదలకుండా బహిరంగ జీవితంలోకి వచ్చినవాడు కళ్ళెదుట ఉన్నాడు. అదే సంవత్సరం ఆయన మరణించినాడు.

తరువాతి తరంలో ఈ చర్చ స్త్రీల చేతికి వచ్చి మరింత చిక్కనైనది. సాండ్రా సిస్నెరోస్ 'ది హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్' (1984)లో ఇంగ్లీషు రాని ఒక స్థూలకాయురాలు మూడవ అంతస్తు దిగక, సొంత ఊరి కొరకు ఏడుస్తూ ఉంటుంది. ఆమె ఒడిలోని బిడ్డ నేర్చుకున్న తొలి పాట టెలివిజనులోని పానీయపు ప్రకటన, అదీ ఇంగ్లీషులో. ఆ రెండు పుటలు రోడ్రీగెజ్ గ్రంథమంతటినీ తల్లి వైపు నుంచి చెప్పినవి. గ్లోరియా అన్సల్దూవా 'బోర్డర్‌లాండ్స్' (1987)లో తాను మాట్లాడే భాషలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వాటిలో ప్రామాణిక స్పానిషుతో పాటు సరిహద్దు యాసలనూ నిలబెట్టినది. బడిలో విరామవేళ స్పానిషు మాట్లాడి దెబ్బలు తిన్నది. కళాశాలలో ఉచ్చారణ దిద్దుకునే తరగతులకు పంపబడినది. చిత్రమేమంటే, మెక్సికోవారు కూడ ఆమె స్పానిషు చెడిపోయినదనేవారు. మాతృభాషలో బోధన అన్నప్పుడు ఏ మాతృభాష అనే ప్రశ్నను ఉద్యమం పక్కన పెట్టినది. ఆమె దానిని మధ్యకు తెచ్చినది.

రాజకీయాలు ఈలోగా వెనుకకు నడిచినవి. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు 227వ ప్రతిపాదన ద్వారా ద్విభాషా బోధనను దాదాపు తొలగించినారు; 2000లో అరిజోనా అదే దారి పట్టినది. 1968 నాటి శాసనం 2002లో ముగిసి, కొత్త చట్టంలో 'ద్విభాష' అనే మాటే మాయమైనది. 2010లో అరిజోనా చేసిన శాసనాన్ని బట్టి టూసాన్ బడులలోని మెక్సికన్ అమెరికన్ పాఠ్యక్రమం మూతపడి, 2012 జనవరిలో కొన్ని పుస్తకాలను తరగతి గదుల నుంచి పెట్టెలలోకి ఎత్తినారు. గొన్సాలెస్ రచనల సంపుటం వాటిలో ఒకటి. నినాదమని పైన అన్న ఆ కవిత పెట్టెలో పెట్టదగినంత ప్రమాదకరంగా ఒక ప్రభుత్వానికి తోచినది! 2017 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. అంతకు ముందే, 2016లో, కాలిఫోర్నియా ఓటర్లు 1998 నాటి ఆంక్షలను ఎత్తివేసినారు. ఈసారి బలంగా వినబడిన వాదం వేరు: రెండు భాషలు వస్తే ఉద్యోగాలకు మేలు, ఇంగ్లీషు పిల్లలు కూడ స్పానిషు నేర్వవచ్చు. లోపం లాభంగా మారినది. నొప్పి చెప్పుకోవడానికి భాష కావాలనే రివేరా మాట ఈ లెక్కలో కూడ ఎక్కలేదు.

తెలుగు అనువాదకుడికి ఈ సాహిత్యం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అన్సల్దూవా తన స్పానిషు వాక్యాలలో అనేకం అనువదించక వదలినది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు గుమ్మం బయట నిలబడాలని. రెండు భాషలనూ ఒకే తెలుగులోకి దించితే గుమ్మమే ఉండదు, పుస్తకమూ ఉండదు. స్పానిషును తెలుగు చేసి, ఇంగ్లీషును తెలుగు లిపిలో ఇంగ్లీషుగానే ఉంచవచ్చునన్నది ఒక ఉపాయం. కాని తెలుగువాని నోట ఇంగ్లీషు మాట ఇప్పుడు గాయం కాదు, అలంకారం. పైగా ఈ ఉపాయంలో తెలుగు పాఠకుడు గుమ్మం లోపలే ఉంటాడు, బయట నిలబడవలసినవాడు ఎవరూ మిగలరు. స్పానిషుకు ఏ తెలుగు పెట్టాలనేది మరొక ప్రశ్న. గ్రాంథిక ఛాయలున్న తెలుగు పెడితే కూలివాడు పండితుడవుతాడు. కోస్తా పత్రికల తెలుగు పెడితే సరిహద్దు పోతుంది. సరిహద్దు తెలుగు సాహిత్యంలో లేకపోలేదు. స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాట్ సరస్సు చుట్టుపక్కల మాటను అచ్చులో నిలిపినవి. తమిళనాడులో 2006 నాటి శాసనం బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసిన తరువాత, తెలుగు మాధ్యమం పిల్లల తల్లిదండ్రులు న్యాయస్థానాల చుట్టూ తిరిగినారు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమని 1956 నుంచీ చెబుతున్నది. రివేరాను తెలుగు చేయబూనినవారు ఆ ప్రాంతాల నోటిమాటను చెవిన వేసుకొని పని మొదలుపెట్టడం మంచిది.

ఇంగ్లీషు ప్రతి నుంచి మాత్రమే రివేరాను తేవడం చాలదు. ఆ గ్రంథానికి ఇంగ్లీషులో ఒకటి కన్న ఎక్కువ రూపాలు ఉన్నవి. మొదటి ముద్రణలో హెర్మీనియో రియోస్ అనువాదం. 1987లో ఎవాంజెలీనా విహిల్-పిన్యోన్ అనువాదం. రివేరా మిత్రుడూ నవలాకారుడూ అయిన రొలాండో హినొహోసా కథల వరుస కూడ మార్చి తిరిగి చెప్పిన రూపం వేరొకటి. ఎవరి గొంతును తెలుగు చేస్తున్నామో తెలియాలంటే మూలం పక్కన ఉండాలి. గ్రంథపు చివరి భాగంలో బర్తోలో అనే ఊరూరు తిరిగే కవి కనబడతాడు. ఉత్తరాది పనుల నుంచి జనం తిరిగి వచ్చే డిసెంబరుకు సరిగా వచ్చి తన పద్యాలు అమ్ముతాడు. అందులో ఊరివాళ్ళ పేర్లు ఉంటవి గనుక మొదటి రోజుకే దాదాపు అన్నీ అమ్ముడుపోతవి. వాటిని పైకి చదవమని అతడు చెబుతాడు. ఈ ఖండిక సగం పుట కూడ లేదు. దీనిని తెలుగు చేసినవారు వ్రాసి ఊరుకోక, నలుగురిలో చదివి వినిపించి, ఎక్కడ నోరు తడబడినదో అక్కడ తిరిగి స్పానిషు పుట తెరవవలసి ఉంటుంది.